గురువారాల సంఖ్య

"టీచరమ్మా, ఆ పది అంకెలూ మీ చేత్తోనే రాసివ్వండి. మేం రాస్తే ఒకటి అటూ ఇటూ అయిందంటే, ఆ మనిషి పైనుంచి దిగొచ్చి మరీ సతాయిస్తాడు" అంటూ తొగాషి భార్య మినే ఒక తెల్ల కాగితం, పెన్ను బల్ల మీద పెట్టి వెళ్ళి పది నిమిషాలైంది. తెరుయో ఇంకా పెన్ను మూత కూడా తియ్యలేదు. గోడకవతల దహనశాల కొలిమిలో తొగాషి కాలుతున్నాడు. గంట పడుతుందని తెల్ల చేతితొడుగుల ఉద్యోగి నడుం వంచి చెప్పి వెళ్ళాడు. గంటయ్యాక పిలుస్తారు, అందరూ లోపలికెళ్ళి ఇద్దరిద్దరుగా నిలబడి, ఇద్దరి పుల్లలతో ఒకే ఎముకను పట్టి కుండలోకి ఎత్తాలి, అక్కడితో తొగాషి పని అయిపోతుంది. సాయంత్రం రాతి పనివాడు మినే ఇంటికొస్తాడు. సమాధి రాయి మీద 3833415107 అని చెక్కుతాడు, దాని కింద చిన్న అక్షరాలతో 'ఇది దేనికీ విడిపోలేదు' అని. బతుకు మొత్తంలో నేను చేసిన పని ఇదొక్కటేనే అని తొగాషి పోయే ముందు మినేతో అన్నాడట, అందుకని ఆమె ముచ్చట పడింది. ముచ్చటే, ఎవరు కాదంటారు. కానీ ఆ సంఖ్య విడిపోతుంది, ఇంకో సంఖ్యతో శేషం లేకుండా భాగం పోతుంది. ఆ సంగతి రెండేళ్ళుగా తెరుయోకి తెలుసు, భూమ్మీద ఇంకెవరికీ తెలియదు. ఈ గంటలో ఈ కాగితం మీద ఏది రాస్తే అదే రాయి మీదకెక్కుతుంది, రాయి మీదకెక్కింది ఇంక దిగదు.

బయట వడగళ్ళు. నవంబరు చివర ఈ ఊళ్ళో ఇంతే, ప్రతి ఇంటి చూరుకీ సాల్మన్ చేపలు తలకిందులుగా వేలాడుతుంటాయి, సముద్రం మీద నుంచి గాలి వచ్చి వాటిని ఆరబెట్టి పోతుంది. తొగాషి మొదటిసారి తెరుయో గుమ్మంలోకి వచ్చినప్పుడూ ఇలాంటి గాలే. నీళ్ళ మీటరు చూడ్డానికి వచ్చాడు, గోడ పక్కన చతికిలబడి టార్చి వేసి చూసి, రాసుకుని, లేచి టోపీ తీసి, "టీచరుగారూ, ఈ నెల మీ మీటరు 1013. దీన్ని ఒకటీ, ఇదీ తప్ప ఏదీ భాగించలేదు, గమనించారా?" అన్నాడు. అప్పటికి ముప్పై ఏళ్ళుగా చాపల కొట్టు పైగదిలో పిల్లలకి పూసల చట్రం మీద లెక్కలు నేర్పుతోంది తను. ఒక్కరంటే ఒక్కరు, తల్లిగానీ తండ్రిగానీ పిల్లగానీ, ఒక సంఖ్య గురించి అలా, ఊళ్ళోకి కొత్తగా దిగిన చుట్టం గురించి చెప్పినట్టు చెప్పలేదు. కిందటి నెల 1009, అదీ అలాంటిదే అని తర్వాత ఎప్పటికో అంది, అతను మెట్లు దిగిపోతుంటే. ఆగిపోయాడు. ఆ ఆగడం ఇప్పటికీ కళ్ళకి కడుతుంది, ఒక కాలు పై మెట్టు మీద, ఒక కాలు కింద మెట్టు మీద. అప్పుడు అతనికి యాభై తొమ్మిది, తనకి యాభై రెండు. పెళ్ళి చేసుకోని ఆడదాని ఇంట్లో మీటరు ఎంత తిరుగుతుంది, నెలకి మూడో నాలుగో. అతను రిటైరయ్యే దాకా నెలనెలా వచ్చి అది ఏ సంఖ్యో, దేని కింద విడిపోతుందో చెప్పి వెళ్ళేవాడు, తను నెల పొడుగునా నీళ్ళు జాగ్రత్తగా వాడుతూ మంచి సంఖ్య మీద ఆగేలా చూసేది. ఇది ఎవరితోనన్నా చెప్తే నవ్విపోరూ. సిగ్గు లేకుండా చూసేది, అవును.

ఆ పది అంకెలూ కూడా అలాగే పుట్టాయి. రిటైరైన వారమే, ఊరి సమావేశ మందిరం పైఅంతస్తులో గది అడిగి పుచ్చుకున్నాడు, గురువారాలు, రెండు నుంచి నాలుగు దాకా. కిరసనాయిలు పొయ్యి ఒకటి, బల్ల ఒకటి. "మీరొక అంకె చెప్పండి, నేనొకటి చెప్తాను, ఏది వస్తే అది. దాని అంతు చూద్దాం" అన్నాడు. మూడు అన్నాడు. ఎనిమిది అంది. మళ్ళీ మూడు అన్నాడు, తనూ మూడు అంది. అతను నాలుగు అన్నాడు. అంతట్లోకే తను ముఖం చిట్లించింది. నాలుగు చావు అంకె, తొమ్మిది కష్టాల అంకె, ఇక్కడి భాషలో ఆ మాటల్లాగే పలుకుతాయి, ఈ ఊరి ఆసుపత్రిలో మూడో గది తర్వాత ఐదో గదే ఉంటుంది. "అయ్యో టీచరుగారూ, మీరు కూడానా! నాలుగు ఏం పాపం చేసింది, రెండ్రెళ్ళు నాలుగు, అంతే కదా" అని పడీ పడీ నవ్వాడు. ఒకటి అంది, ఐదు అన్నాడు, ఒకటి అంది, సున్నా అన్నాడు, చివరిది మీ చేతిలో పెడుతున్నాను అన్నాడు. ఏడు. తను ఏడు అనగానే అతను పెన్సిలుతో కింద గీత కొట్టాడు. కాగితం మీద అయిదు అతనివి, అయిదు తనవి, ఒకటి విడిచి ఒకటి. మూడేసి అంకెల గుంపులుగా విడగొట్టి, కూడుతూ తీస్తూ పోతే 522 తేలింది, దాన్ని భాగించవు కాబట్టి ఏడు, పదకొండు, పదమూడు ఒక్క దెబ్బకి పోయాయి. అంకెలన్నీ కలిపితే ముప్పై అయిదు, కాబట్టి మూడు పోయింది. ఇంక మిగిలినవి ఒక్కొక్కటిగా చూసుకోవాలి. దాని వర్గమూలం అరవైరెండు వేలకి కాస్త తక్కువ, అంతలోపు ప్రధాన సంఖ్యలు ఆరువేల పైచిలుకు, వాటన్నిటితో భాగించి చూసి ఏ ఒక్కదానికీ లొంగకపోతే ఇది కూడా ప్రధాన సంఖ్యే. కంప్యూటరుకి ఇస్తే కళ్ళు మూసి తెరిచేలోపు చెప్పేస్తుంది కదా అని ఎవరో అంటే, "భోజనం కూడా దాన్నే చెయ్యమంటారా?" అన్నాడు.

గురువారానికి పదో పదకొండో. సగం అతను పెన్సిలుతో తన నోటు పుస్తకంలో, సగం తను పూసల మీద. సంఖ్య, భాగఫలం, శేషం, చివర ఒక గీత. పదమూడేళ్ళు. వానొచ్చినా మంచొచ్చినా. నాలుగింటికి లేచేటప్పుడు సంచీలోంచి డబ్బా తీసేవాడు, "మా ఇంటావిడ పంపింది". ముల్లంగి పచ్చడి, ఉప్పు చేప, కొత్త సంవత్సరానికి బియ్యపు ఉండలు. పదమూడేళ్ళు మినే చేతి వంట తింది తను, డబ్బా కడిగి, వట్టి చేతులతో ఎందుకని రెండు నారింజలు పెట్టి తిరిగి పంపింది. ఊరు ఊరుకుంటుందా, వాళ్ళిద్దరూ పైగదిలో లెక్కలేనా చేసేది అని చేపల బజారులో మినే మొహం మీదే అన్నారట. "నా సవతి పది అంకెలుంటుందమ్మా, పొడుగ్గా సన్నగా. దాన్ని చూసి కుళ్ళుకోవడానికి నాకెక్కడ తీరిక" అందట మినే. ఆ మాట తొగాషే చెప్పాడు, పొట్ట పట్టుకుని నవ్వుతూ. తనూ నవ్వింది. ఇంటికెళ్ళాక నవ్వు రాలేదు. సవతి ఆ సంఖ్యేనట. తను ఆ మాటలో కూడా లేదు.

"టీచరుగారూ, ఏమన్నా తినండి. ఉత్త టీతో ఎంతసేపు?" తొగాషి తమ్ముడు రొకురో. చేతిలో బియ్యం బిస్కట్ల పళ్ళెం, నల్ల టై అప్పుడే వదులు చేసేశాడు. "అన్నయ్య మీ గురించి తెగ చెప్పేవాడు. మా ఊళ్ళో ఇద్దరే తెలివైనవాళ్ళున్నారు, అందులో నేను రెండోవాణ్ణి అనేవాడు." తెరుయో తల వంచి ఒక బిస్కట్టు తీసుకుంది. "అయినా నాకు తెలీక అడుగుతాను, అది విడిపోకపోతే ఏంటండీ లాభం?" ఏమీ లేదండీ అంది తెరుయో. "అదే, వదినతో నేనూ అదే అన్నాను. రాయి చెక్కేవాడు అంకెకింత అని తీసుకుంటాడు. పోనీలే, అన్నయ్య సరదా." అతను పక్క బల్ల దగ్గరికి పోయాడు. బిస్కట్టు కొరికితే గది అంతా వినిపించేంత చప్పుడు, మళ్ళీ కొరకలేదు.

ఏమీ లేదండీ. నిజంగానే లేదు. ఆరువేల చిల్లర సంఖ్యలూ అయిపోయిన రోజున కూడా ఏమీ జరగలేదు, జులై నెల, చెమటలు, ఆఖరి శేషం రాసి తొగాషి పెన్సిలు కింద పెట్టి, "లొంగలేదు టీచరుగారూ" అన్నాడు, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు, తుడుస్తూనే ఉన్నాడు. బీన్స్ ముద్ద పెట్టిన బన్నులు రెండు కొనుక్కొచ్చి తిన్నారు. "మీ దస్తూరీ బాగుంటుంది, రెండు పుస్తకాలూ కలిపి శుభ్రంగా ఒకే దాంట్లో ఎత్తి రాయండి, ఇక్కడి బీరువాలో పెట్టిపోదాం" అని తన నోటు పుస్తకాలన్నీ ఇచ్చాడు. ఎత్తి రాస్తుంటే ఆగస్టులో ఒక ఉదయం అతని పుస్తకంలో ఒక పుట దగ్గర చెయ్యి ఆగింది. మధ్యలో ఒక వరస ఖాళీ. రాసి, రబ్బరు పెట్టి తుడిచేసిన మచ్చ. కాగితాన్ని కిటికీ దగ్గర ఏటవాలుగా పట్టుకుంటే పెన్సిలు నొక్కు కనిపించింది, 44449. నాలుగు నాలుగులు, చివర తొమ్మిది. భాగఫలం లేదు, శేషం లేదు. మరిచిపోయాడేమో, ఒక్కటే కదా అని చట్రం ముందుకు లాక్కుని పూసలు జరిపింది. నలభై ఏళ్ళ వేళ్ళు, అవి ఆలోచించవు. ఆఖరి పూస దిగేసరికి శేషం ఉండాల్సిన కడ్డీల మీద ఏమీ మిగల్లేదు. మళ్ళీ చేసింది. మళ్ళీ ఏమీ మిగల్లేదు. పదమూడేళ్ళ గురువారాలు.

అప్పుడు పుట పైన తేదీ చూసింది. చూడకపోయినా బాగుండేది. మినేకి కడుపులో గడ్డ తీసిన రోజు అది, తనకి గుర్తు, ఆ గురువారం తను ఒక్కతే మందిరం పైగదిలో కూర్చుని తన వంతు చేసుకుంది. అతను తన వంతు ఆసుపత్రి వరండాలో కూర్చుని చేశాడు. లోపల భార్య కడుపు కోస్తున్నారు, బయట వరసగా సంఖ్యలు రాసుకుంటూ పోతున్నాడు, రాసుకుంటూ పోతుంటే ఇది వచ్చింది. రెండ్రెళ్ళు నాలుగు, అంతే కదా అన్న మనిషి. పడీ పడీ నవ్విన మనిషి. దాన్ని భాగించలేకపోయాడు. చెరిపేశాడు. తర్వాత చూద్దాం అనుకున్నాడేమో, తర్వాత మినే బతికింది, ఇంక దాని జోలికి పోకూడదనుకున్నాడేమో. కావాలనే మరిచిపోయి ఉంటాడు. సంఖ్య పోతే పోనీ అని ఒక్క క్షణం అనుకుని ఉంటాడు, పది అంకెలూ, అందులో తెరుయోవి అయిదు.

మరి తనకి? మొదలుపెట్టిన రెండో ఏడు తనకి ఊపిరితిత్తుల జ్వరం వచ్చి పదిరోజులు అదే ఆసుపత్రిలో ఉంటే, గురువారం నాడు నోటు పుస్తకం చంకన పెట్టుకుని వచ్చాడు. మంచం పక్కన స్టూలు వేసుకుని, "పని ఆగకూడదు టీచరుగారూ" అన్నాడు. ఎంత సంతోషపడింది తను, జ్వరంలో నూట రెండున్నర మీద. "ఇదిగో చూడండి, 4441, మూడు నాలుగులు ఒక్కసారే! మన ఆసుపత్రి వాళ్ళు చూస్తే మూర్ఛపోతారు" అని గుసగుసగా నవ్వుతూ భాగించేశాడు. శేషం 1640. ఒక్క నిమిషం చెయ్యి ఆగలేదు. తనకేమన్నా అవుతుందేమో అని ఆగలేదు. ఆ రోజు అది గొప్ప చనువనుకుంది, ధైర్యం చెప్పడం అనుకుంది. ఆ ఆగస్టు ఉదయం రెండు పుస్తకాలూ పక్కపక్కన తెరిచి పెట్టుకుని చూస్తే అర్థమైంది. తన కోసం భయపడాల్సిన అవసరం అతనికి ఎప్పుడూ రాలేదు. భయం లేకపోవడమే స్నేహమేమో, ఏమో. ఏడుపొచ్చింది. అరవై అయిదేళ్ళ ఆడది, లెక్కల పుస్తకం ముందు కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చింది, చాపలు నేసే మనిషి కింద నుంచి, ఏమన్నా పడిందా టీచరుగారూ అని కేకేశాడు.

చెప్పలేదు. ఎత్తి రాసిన పుస్తకంలో 44449 వరస ఖాళీగా వదిలి, మీదా కిందా రాసుకుంటూ పోయింది, అతను అది చూడనే లేదు, చూసినా ఏమీ అనలేదు. ఎందుకు చెప్పలేదంటే ఒక కారణమా. అతని సంతోషం పాడుచెయ్యడం ఎందుకని. చెప్తే ఆ రోజు ఆసుపత్రి వరండాలో అతను దాచుకున్నది తను తవ్వి తీసినట్టవుతుందని. ఇవి మంచి కారణాలు. ఇంకోటి ఉంది, చెడ్డది. చెప్తే అది మినేకి తెలుస్తుంది. తన మొగుడు తన కోసం ఏం వదులుకున్నాడో మినేకి తెలుస్తుంది, అంత మూట అప్పనంగా మినేకి ఎందుకివ్వాలి. ఆమెకి అన్నీ ఉన్నాయి కదా. ఇల్లుంది, వంట పొగడ్డానికి మనిషున్నాడు, నిద్దట్లో కూడా పక్కన ఊపిరి వినపడుతుంది. తనకి రెండు నుంచి నాలుగు దాకా. లెక్క అయిపోయినా గురువారాలు ఆగలేదు, కానీ అది కూడా పోయిన శీతాకాలం నుంచి లేదు, అతను మంచం పట్టాక చూడ్డానికి వెళ్తే మినే టీ తెచ్చి పెట్టి అక్కడే కూర్చునేది, ముగ్గురూ వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్ళు.

ఇప్పుడు ఏం చెయ్యాలో అడగాలంటే ఒక్కడే ఉన్నాడు, అతను గోడకవతల. అతనైతే ఏమంటాడు. తప్పు రాయి మీద పెడతారా టీచరుగారూ, వానలో ఎండలో వందేళ్ళు ఉంటుంది కదా, అంటాడు. అంటాడు, తప్పకుండా అంటాడు. వెంటనే, కానీ మా ఇంటావిడకి చెప్పకండి అని కూడా అంటాడు. రెండూ ఎలా కుదురుతాయయ్యా. రాసెయ్యి, పది అంకెలు, అయిదు నిమిషాల పని. ఎవరొచ్చి భాగించి చూస్తారు సమాధుల దొడ్డిలో నిలబడి. ఎవరూ చూడరు. తను చూస్తుంది. ఏటా వేసవిలో సమాధి కడగడానికి వచ్చినప్పుడల్లా చూస్తుంది, నీళ్ళు పోస్తూ, ఇది విడిపోతుంది, ఇది విడిపోతుంది అని. నిజం తెలిసినవాళ్ళు ఇద్దరుంటే మొయ్యొచ్చు. ఈ ఊళ్ళో తను ఒక సంఖ్య పేరెత్తితే తలెత్తి చూసే మనిషి ఇంక లేడు. ఇవాళ వచ్చేటప్పుడు బస్సు నంబరు దేని కింద విడిపోతుందో లెక్కేసి, చెప్దామని నోరు తెరిచి పక్కకి తిరిగింది. పక్క సీట్లో ఎవరిదో గొడుగుంది.

మినే వచ్చి ఎదురుగా కూర్చుంది. నల్ల కిమోనోలో చిన్నదైపోయినట్టుంది. కాగితం వైపు చూసింది.

"ఇదేంటి టీచరమ్మా, ఇంకా ఖాళీగానే ఉంది? మా ఆయన నిద్దట్లో కూడా గడగడా చెప్పేవాడు, నాకు నిద్ర చెడగొడుతూ. మీకు పది అంకెలకి ఇంతసేపా?"

"అది విడిపోతుంది మినేగారూ."

"ఏది?"

"ఆ సంఖ్య. ప్రధాన సంఖ్య కాదు. రెండు ముక్కలవుతుంది. నాకు రెండేళ్ళుగా తెలుసు, ఆయనకి చెప్పలేదు."

మినే చేతులు ఒళ్ళో పెట్టుకుంది. "తప్పు చేశాడా? ఆయనా? చేపలో ముల్లు ముల్లూ లెక్కపెట్టి పళ్ళెం అంచున పేర్చే మనిషి!"

"తప్పు కాదు. ఒక్క సంఖ్యతో భాగించకుండా వదిలేశాడు. రాసి చెరిపేశాడు. మీ ఆపరేషన్ రోజున, ఆసుపత్రిలో." ఇక్కడితో ఆపెయ్యొచ్చు. తెరుయో ఆపలేదు. "ఆ సంఖ్యలో నాలుగు నాలుగులున్నాయి. చివర తొమ్మిది."

పక్క బల్ల దగ్గర ఎవరో టీ పోస్తున్నారు.

"నేను మత్తులోంచి లేచేసరికి చేతిలో రబ్బరు పట్టుకుని కూర్చున్నాడు" అంది మినే. "ఒళ్ళంతా రబ్బరు పొట్టు. ఏం చేస్తున్నావయ్యా అంటే, ఏం లేదే, ఒక పీడని చెరిపేశాను అన్నాడు. నేను దేన్నో తిడుతున్నాడనుకున్నాను. మత్తు కదా." నవ్వబోయింది, మూతి వంకర పోయింది. "పిచ్చి మారాజు. పదమూడేళ్ళు దాని వెంట తిరిగి, ఆఖరికి నాకోసం... ఒక్క ముక్క చెప్పలేదు చూశారా? యాభై ఏళ్ళు కాపురం చేసి, ఒక్క మంచి మాట చెప్పి చావడు. ఇదిగో, ఇప్పుడు మీరు చెప్తే తెలిసింది." కిమోనో చేతి అంచుతో కళ్ళు ఒత్తుకుంది, మళ్ళీ ఒత్తుకుంది, అవి ఆగలేదు. తెరుయో తన రుమాలు తీసి బల్ల మీదుగా జరిపింది.

"రాయండి" అంది మినే.

"పదీనా?"

"పదెందుకు, అది విడిపోయిందంటున్నారుగా. ఆ నాలుగులది రాయండి. రాయి మీద నా పేరు కూడా చెక్కి ఎర్రరంగు వేస్తారు కదా, బతికున్నదాన్నని. దాని కింద పెట్టిస్తా. ఊరంతా వచ్చి, సమాధి మీద ఇన్ని నాలుగులేంటి, ఈవిడకి మతి పోయిందనుకోనీ."

తెరుయో పెన్ను మూత తీసింది. 44449. మినే తల అటు తిప్పి ఇటు తిప్పి చూసి, అంకెలు ఆరేదాకా ఊది, నాలుగు మడతలు పెట్టి రొమ్ము దగ్గర దోపుకుంది. "మీ దస్తూరీ బాగుంటుందనేవాడు" అంది.

తలుపు దగ్గర తెల్ల చేతితొడుగుల మనిషి నడుం వంచి నిలబడ్డాడు. అయిందట. కుర్చీలు వెనక్కి జరిగాయి, రొకురో టై బిగించుకున్నాడు, మినే లేచి ముందు నడిచింది, ఆమె వెనక దగ్గరి చుట్టాలు, వాళ్ళ వెనక దూరపు చుట్టాలు. తెరుయో అందరూ కదిలేదాకా ఆగి, వరస చివర నిలబడింది. రెండు ముక్కల్లో రెండోది ఏమిటని మినే అడగలేదు. అడగాలని ఎవరికైనా ఎందుకు తడుతుంది. 86243. అది నిజంగానే దేనికీ విడిపోదు, రెండు ఉదయాలు ఒక్కతే కూర్చుని చూసుకుంది.